తుపాను రాకముందే పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) సిబ్బందిని పిల్లల వైద్యానికి సిద్ధం చేయడం ఎలా?

ఏటా సెప్టెంబరు దాటగానే నాకు ఇదే ఫోన్ వస్తుంది. ఇందుకూరుపేట వైపు నుంచో, కొత్తపట్నం వైపు నుంచో కొత్తగా చేరిన మెడికల్ ఆఫీసరు అడుగుతారు: "మేడమ్, మా దగ్గర పిల్లల డాక్టరు లేరు. వరదొస్తే పిల్లల్ని ఎలా చూడాలి? మా స్టాఫ్‌కి ఏం నేర్పించాలి?" ఒక్కొక్కరికీ విడిగా చెబుతూ వచ్చాను. ఇప్పుడు అంతా ఒకచోట రాస్తున్నాను.

నెల్లూరు జిల్లాలో నైరుతి వానల కంటే ఈశాన్య రుతుపవనాల వానే ఎక్కువ. మనకు ఆశ్వయుజం, కార్తీకం అంటే వాయుగుండాల నెలలు. 2015 నవంబరు, 2021 నవంబరు వరదలు, 2023 డిసెంబరులో బాపట్ల దగ్గర తీరం దాటిన మిగ్‌జాం తుపాను, అన్నీ ఆ రోజుల్లోనే వచ్చాయి. కాబట్టి ఈ పని దసరాకి ముందే అయిపోవాలి.

2021 వరదప్పుడు ఒక పీహెచ్‌సీలో నేను చూసింది చెబుతాను. కరెంటు లేదు. ముందురోజు నుంచి డ్యూటీలో ఉన్న సిస్టర్ సెల్‌ఫోన్ లైటు దవడ కింద పెట్టుకుని, అదే ఫోన్‌లో జ్వరం మందు లెక్క వేస్తోంది. లెక్క సరిగ్గానే వేసింది. సీసా మారింది. 5 ఎంఎల్‌లో 125 మిల్లీగ్రాములు ఉండే సిరప్ అనుకుని 250ది తీసింది. ఉగ్గు గిన్నెలో పోశాక పక్కనున్న ఏఎన్‌ఎం చూసి ఆపింది. ఆ సిస్టర్‌కి పని రాక కాదు, అలసిపోయి ఉంది. ఆ రాత్రి నుంచి నా ట్రైనింగ్ మొత్తం ఒకే మాట మీద నడుస్తోంది: తుపాను రాత్రి ఎవరూ లెక్కలు వేయకూడదు. లెక్కలన్నీ ముందే వేసి గోడ మీద ఉండాలి.

కావలసినవి

ఒక్క పూట చాలు. మధ్యాహ్నం 2 గంటలకు మొదలుపెట్టి చీకటి పడేదాకా ఉండండి. చీకటి ఎందుకో చివర్లో చెబుతాను.

డాక్టరు, స్టాఫ్ నర్సులు, ఫార్మసిస్టు, ల్యాబ్ టెక్నీషియన్, ఏఎన్‌ఎంలు, ఆశాలు అందరూ రావాలి. వాచ్‌మన్‌ని, స్వీపరమ్మని తప్పకుండా పిలవండి. వరద రాత్రి తడిసిన బిడ్డను గేటు దగ్గర మొదట చూసేది వాళ్లే. వీలైతే 108 బండి సిబ్బందినీ పిలవండి.

సామాను ఇది:

- ఊపిరి అందించే పిల్లల ఆంబు బ్యాగులు (నవజాత శిశువుకు 250 ఎంఎల్, పెద్ద పిల్లలకు 500 ఎంఎల్), 0, 1, 2 సైజు మాస్కులు
- 24 (పసుపు), 22 (నీలం) ఐవీ క్యాన్యులాలు, చిన్న చుక్కలతో ఎక్కించే మైక్రో డ్రిప్ సెట్లు, 1 ఎంఎల్ సిరంజిలు, 50 ఎంఎల్ సిరంజిలు
- 6, 8, 10 సైజు ఫీడింగ్ ట్యూబులు, మ్యూకస్ ఎక్స్‌ట్రాక్టర్
- రింగర్ లాక్టేట్, 25 శాతం డెక్స్‌ట్రోజ్, ఓఆర్‌ఎస్, జింక్, పారాసిటమాల్ సిరప్, అడ్రినలిన్, మిడజోలం, పాము విషానికి విరుగుడు ఇంజెక్షన్ (ఏఎస్‌వీ)
- చంటిపిల్లలకు సరిపడే పల్స్ ఆక్సీమీటర్ ప్రోబ్, థర్మామీటరు, గ్లూకోమీటరు, బరువు చూసే మిషన్
- పొడి తువాళ్లు, ఊలు టోపీలు, పాత చీరలు
- ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నలుపు గుడ్డ పేలికలు (మ్యాచింగ్ సెంటర్‌లో మిగిలిన ముక్కలు అడిగితే ఇస్తారు), వాటర్‌ప్రూఫ్ మార్కరు, ప్లాస్టరు
- రెండు చార్ట్ పేపర్లు, లామినేషన్, రెండు మూడు బొమ్మలు. బొమ్మలు లేకపోతే తువాలు చుట్టి బిడ్డలా చేసుకోవచ్చు.

ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ ఉంది కదా అని నిశ్చింతగా ఉండొద్దు, కరెంటు పోతే అది పనిచేయదు. సిలిండర్ నిండా ఉండాలి, దాని తాళం దానికే తాడుతో కట్టి ఉండాలి. సిలిండర్ ఉండి కీ దొరకని ఆసుపత్రులు నేను ఒకటి కాదు, చాలా చూశాను.

1. మీ పరిధిలో పిల్లలెక్కడున్నారో రాయండి

అంగన్‌వాడీ రిజిస్టర్లలో ఆరేళ్ల లోపు పిల్లల పేర్లు, బరువులు ఉంటాయి. ఆశాల చేత ఊరూరా లిస్టు తీయించండి: నెల లోపు పసికందులు, బరువు తక్కువ పిల్లలు, ఫిట్స్ మందులు వాడేవాళ్లు, గుండె జబ్బు, తలసీమియా, ఆస్తమా ఉన్నవాళ్లు, నడవలేని పిల్లలు. వీళ్ల పక్కన ఏ తుపాను షెల్టరుకి వెళ్తారో కూడా రాయాలి.

ఇక్కడ ఒక పొరపాటు మామూలుగా జరుగుతుంది. పట్టపుపాలేల (మత్స్యకారుల పల్లెల) లిస్టు చక్కగా ఉంటుంది, కాలువ గట్ల మీద, ఏటి ఒడ్డున గుడిసెల్లో ఉండే యానాది కుటుంబాల పిల్లలు అందులో ఉండరు. పనులకోసం ఊళ్లు మారుతుంటారు కాబట్టి రిజిస్టరుకి చిక్కరు. నీళ్లు మొదట చేరేది వాళ్ల గుడిసెల్లోకే. ఆశాని స్వయంగా వెళ్లి చూసి రమ్మనండి.

మందులు రోజూ వాడే పిల్లలకు హెచ్చరిక రాగానే రెండు వారాల మందు ముందే ఇచ్చేయండి. తుపాను తర్వాత ఫిట్స్ వచ్చి మన దగ్గరికి చేరే పిల్లల్లో మందు అయిపోయినవాళ్లే ఎక్కువగా కనిపించారు నాకు.

2. సిబ్బంది ఇళ్లలో పిల్లల సంగతి అడగండి

ఏ ట్రైనింగ్‌లోనూ ఈ ప్రశ్న అడగరు. "ఆ రాత్రి నీ పిల్లల్ని ఎవరు చూస్తారమ్మా?" అని ప్రతి ఒక్కరినీ అడిగి, జవాబు డ్యూటీ చార్టులో రాయండి. జవాబు లేని సిస్టర్‌కి నైట్ డ్యూటీ వేస్తే టెన్షన్‌తో వస్తుంది, లేదా రాలేకపోతుంది. అవసరమైతే క్వార్టర్స్‌లో ఒక గది స్టాఫ్ పిల్లలకే కేటాయించండి.

3. గోడ పట్టిక తయారు చేయండి

మొత్తం పనికి గుండెకాయ ఇది. తొందరపడకండి, గంటన్నర పట్టినా పరవాలేదు.

చార్టులో నిలువు గడులు బరువు ప్రకారం గీయండి: 3, 5, 7, 10, 12, 15, 20, 25 కిలోలు. అడ్డ గడుల్లో మందులు. ప్రతి గడిలోనూ మిల్లీగ్రాములు కాదు, సిరంజిలోకి తీయాల్సిన ఎంఎల్ రాయాలి. 10 కిలోల బిడ్డ గడి ఇలా ఉంటుంది:

- పారాసిటమాల్ (కిలోకి 15 మి.గ్రా.): 125 సిరప్ అయితే 6 ఎంఎల్, 250 సిరప్ అయితే 3 ఎంఎల్
- తీవ్రమైన అలర్జీకి అడ్రినలిన్ 1:1000, తొడ కండకి: 0.1 ఎంఎల్
- రక్తంలో గ్లూకోజు పడిపోతే 10 శాతం డెక్స్‌ట్రోజ్ (కిలోకి 5 ఎంఎల్): 50 ఎంఎల్
- షాక్‌లో (ఒంట్లో రక్తప్రసరణ పడిపోయినప్పుడు) రింగర్ లాక్టేట్ మొదటి విడత (కిలోకి 10 ఎంఎల్): 100 ఎంఎల్, ఆ తర్వాత మళ్లీ చూడాలి
- కొంత డీహైడ్రేషన్ ఉంటే ఓఆర్‌ఎస్ (కిలోకి 75 ఎంఎల్): 4 గంటల్లో 750 ఎంఎల్
- ఫిట్స్‌కి మిడజోలం ముక్కులో (కిలోకి 0.2 మి.గ్రా.): 2 మి.గ్రా. మీ దగ్గరున్న ఆంప్యూల్ బలం చూసి ఎన్ని ఎంఎలో రాయండి

10 శాతం డెక్స్‌ట్రోజ్ విడిగా లేకపోతే ఇలా కలుపుకోండి. 25 శాతం డెక్స్‌ట్రోజ్ 10 ఎంఎల్‌కి స్టెరైల్ వాటర్ 15 ఎంఎల్ కలిపితే 10 శాతంది 25 ఎంఎల్ వస్తుంది. ఇది కూడా గోడ మీద ఉండాలి.

బరువు చూడటానికి కుదరకపోతే వయసుని బట్టి అంచనా వేయండి. 3 నుంచి 12 నెలల వరకు: నెలలకు 9 కలిపి సగం చేయండి. 1 నుంచి 6 ఏళ్ల వరకు: వయసుని రెట్టింపు చేసి 8 కలపండి. 7 నుంచి 12 ఏళ్ల వరకు: వయసుని 7తో గుణించి, 5 తీసేసి, సగం చేయండి. అంటే 6 నెలల బిడ్డ 7.5 కిలోలు, మూడేళ్ల బిడ్డ 14 కిలోలు. ఈ లెక్కలు కూడా వేసేసి, వయసుకి ఎదురుగా బరువు రాసిపెట్టండి. మన పల్లెల్లో చాలామంది పిల్లలు ఈ అంచనా కంటే తేలికగా ఉంటారు. బక్కగా కనిపిస్తే ఒక గడి కిందికి దిగండి. మిషన్ ఉంటే అంచనా జోలికే పోవద్దు, తల్లిని బిడ్డతో కలిపి తూచి, తర్వాత తల్లిని విడిగా తూచి తీసేయండి.

ఇక్కడ జరిగే తప్పులు: అడ్రినలిన్‌ని ఇన్సులిన్ సిరంజితో తీయొద్దు, దాని మీద గీతలు యూనిట్లలో ఉంటాయి. వీలైతే స్టోర్లో ఒకే బలం పారాసిటమాల్ సిరప్ ఉంచండి. రెండూ ఉంటే 250 సీసాలకు ఎర్ర ప్లాస్టరు చుట్టండి. పట్టిక రాసినవాళ్లు కాక ఇంకొకరు ప్రతి అంకె మళ్లీ వేసి చూసి సంతకం పెట్టాలి. రెండు సంతకాలు లేని పట్టికని గోడకి ఎక్కించవద్దు.

పట్టిక కిందే పెద్ద అక్షరాలతో ఇంకో మాట రాయండి: "బిడ్డకి బీపీ చివర్లో పడుతుంది." నాడి వేగం, చల్లబడ్డ చేతులు కాళ్లు, గోరు నొక్కి వదిలితే రంగు తిరిగి రావడానికి 3 సెకన్లు దాటడం, మగత, ఇవి ముందు వస్తాయి. బీపీ బాగుంది కదా అని కూర్చుంటే ఆలస్యమైపోతుంది.

4. సైజుల వారీగా సంచులు కట్టండి

జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచులు మూడు చాలు: పసికందు, 10 కిలోల లోపు, 10 కిలోల పైన. ఒక్కోదాంట్లో ఆ సైజు మాస్కు, క్యాన్యులా, ట్యూబు, డ్రిప్ సెట్ పెట్టండి. పెద్దవాళ్ల సామాను కలపొద్దు.

మైక్రో డ్రిప్ సెట్ లేకపోతే? 500 ఎంఎల్ సీసా పసిబిడ్డకి తగిలించి వదిలేయడమే అన్నిటికంటే ప్రమాదం. చీకట్లో ఎంత పోయిందో కనబడదు. ఎక్కించాల్సినంత మాత్రమే సీసాలో ఉంచి మిగతాది ముందే తీసేయండి. లేదా 50 ఎంఎల్ సిరంజితో కొలిచి నెమ్మదిగా ఇవ్వండి.

5. గేటు దగ్గర విడదీయడం నేర్పండి

ఒకేసారి చాలామంది వస్తే ఎవరిని ముందు చూడాలో నిమిషంలోపు తేల్చాలి. ఏడాది నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు జంప్‌స్టార్ట్ పద్ధతి వాడతాం:

నడవగలిగే బిడ్డకి ఆకుపచ్చ పేలిక. నడవకపోతే శ్వాస చూడండి. లేకపోతే గడ్డం ఎత్తి దారి తెరవండి, శ్వాస మొదలైతే ఎరుపు. మొదలవకపోతే నాడి చూడండి. నాడి ఉంటే 5 సార్లు ఊపిరి ఇవ్వండి. అప్పుడు తీసుకుంటే ఎరుపు, లేకపోతే నలుపు. నాడి కూడా లేకపోతే నలుపు. శ్వాస ఉన్న బిడ్డలో అది నిమిషానికి 15 కంటే తక్కువైనా, 45 కంటే ఎక్కువైనా ఎరుపు. శ్వాస ఆ మధ్యలో ఉండి నాడి అందకపోతే ఎరుపు. నాడి అందితే స్పృహ చూడండి: మెలకువగా ఉన్నా, పిలిస్తే పలికినా, గిల్లితే చెయ్యి సరిగ్గా లాక్కున్నా పసుపు. స్పందన లేకపోయినా, వింతగా బిగుసుకున్నా ఎరుపు.

నలుపు పేలిక చేతులు చాలనంత మంది ఒకేసారి వచ్చినప్పటికి మాత్రమే. ఒక్క బిడ్డే వస్తే అన్ని ప్రయత్నాలూ చేయాల్సిందే. ఈ మాట రెండుసార్లు చెప్పండి.

అందరూ చేసే తప్పు ఒకటి ఉంది. తల్లి నడుచుకుంటూ వస్తుంది, చంకలో బిడ్డ ఉంటాడు. తల్లితో పాటు బిడ్డకీ ఆకుపచ్చ కట్టేస్తారు. చంకలో ఉన్న బిడ్డని నడిచినట్టు లెక్కించకూడదు. కింద పడుకోబెట్టి శ్వాస లెక్కపెట్టాలి. ఏడవని బిడ్డ గురించి ఎక్కువ కంగారు పడాలని వాచ్‌మన్‌కి కూడా చెప్పండి. "డాక్టరమ్మా, బిడ్డ ఉలుకూ పలుకూ లేకుండా ఉండాడు" అని ఒక అవ్వ నెమ్మదిగా చెబితే, పక్కన గట్టిగా అరుస్తున్న నలుగురినీ ఆపి ఆ బిడ్డ దగ్గరికే వెళ్లాలి.

బిడ్డకి ఎరుపు, తల్లికి ఆకుపచ్చ వచ్చినా ఇద్దరినీ విడదీయవద్దు.

6. నాలుగు కేసులు చేతులతో చేయించండి

ఉపన్యాసం వద్దు. బొమ్మ ఇచ్చి చేయించండి.

*నీళ్లలో మునిగిన బిడ్డ.* ఊళ్లో తలకిందులుగా పట్టుకుని తిప్పుతారు, పొట్ట నొక్కుతారు. రెండూ ప్రమాదమే, టైమూ పోతుంది. దారి తెరిచి ముందు 5 సార్లు ఊపిరి. తర్వాత కూడా చలనం లేకపోతే ఛాతీ నొక్కడం: ఇద్దరుంటే 15 నొక్కులకు 2 ఊపిర్లు, ఒక్కరే ఉంటే 30కి 2. నిమిషానికి 100 నుంచి 120 వేగం, ఛాతీ మందంలో మూడో వంతు లోతు. ఆంబు బ్యాగ్‌ని ఛాతీ లేచేంతే నొక్కాలి. బలంగా నొక్కితే గాలి పొట్టలోకి పోయి వాంతవుతుంది. తేరుకున్న బిడ్డని వెంటనే ఇంటికి పంపొద్దు, 8 గంటలైనా కనిపెట్టి ఉండాలి.

*చల్లబడిన పసికందు.* తడి బట్టలు తీసి, తుడిచి, టోపీ పెట్టి, తల్లి గుండెల మీద చర్మానికి చర్మం తగిలేలా పెట్టి పాత చీరతో చుట్టండి. తల్లి లేకపోతే తండ్రి, అమ్మమ్మ ఎవరైనా సరే. వేడినీళ్ల సీసాలు ఆనించవద్దు, కాలుతుంది. చల్లబడిన బిడ్డకి గ్లూకోజు తప్పకుండా చూడండి.

*విరేచనాలు.* వరద తగ్గిన మూడో రోజు నుంచి ఇవే ఎక్కువ. ప్రతి విరేచనానికీ రెండేళ్ల లోపు 50 నుంచి 100 ఎంఎల్, ఆపైన 100 నుంచి 200 ఎంఎల్ ఓఆర్‌ఎస్. జింక్ 14 రోజులు: 6 నెలల లోపు 10 మి.గ్రా., ఆపైన 20 మి.గ్రా. తీవ్రంగా ఎండిపోతే రింగర్ లాక్టేట్ కిలోకి 100 ఎంఎల్: ఏడాది లోపు బిడ్డకి మొదటి గంటలో 30, తర్వాత 5 గంటల్లో 70, ఏడాది దాటితే అరగంటలో 30, రెండున్నర గంటల్లో 70. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మొత్తం ఒకేసారి లీటరు నీళ్లలో కలపాలి. గ్లాసు నీళ్లలో చిటికెడు వేసే అలవాటు ఇంకా పోలేదు. ఆశాల చేత లీటరు సీసాతో కలిపించి చూపించండి.

*పాముకాటు.* నీళ్లొస్తే పాములు మెరక మీదికి, మనమున్న చోటికే వస్తాయి. బిడ్డ చిన్నవాడని ఏఎస్‌వీ తగ్గించవద్దు. పాము వదిలే విషం బిడ్డని చూసి తగ్గదు. విషం ఎక్కిన లక్షణాలుంటే పెద్దలకు ఇచ్చినట్టే మొదట 10 వయల్స్. తగ్గించాల్సింది కలిపే సెలైన్: కిలోకి 5 నుంచి 10 ఎంఎల్ లెక్కన, గంటలో ఎక్కేలా. ఏఎస్‌వీకి అలర్జీ రావచ్చు కాబట్టి అడ్రినలిన్ పక్కనే సిరంజిలో సిద్ధంగా ఉండాలి. రక్తం గడ్డకడుతుందో లేదో చూసే 20 నిమిషాల పరీక్షకి శుభ్రమైన, పొడి గాజు ట్యూబే వాడాలి. సబ్బుతో కడిగిన ట్యూబు, ప్లాస్టిక్ ట్యూబు తప్పు ఫలితం చూపిస్తాయి. ల్యాబ్ టెక్నీషియన్‌ని ఐదు కొత్త ట్యూబులు విడిగా సీల్ చేసి పెట్టమనండి.

7. ఒంటరిగా వచ్చిన బిడ్డ

చేతికి నంబరు కట్టండి. ఎక్కడ దొరికాడు, ఎవరు తెచ్చారు, ఏ బట్టలు, ఏ గుర్తులు, అన్నీ రిజిస్టరులో. "నేను మేనమామని" అన్నవాళ్లకి వెంటనే అప్పగించవద్దు. బిడ్డ వాళ్లని గుర్తుపడుతున్నాడా చూడండి, సచివాలయం సిబ్బందితో నిర్ధారించుకోండి, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. ఫోటో తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం మంచి ఉద్దేశంతోనే చేస్తారు. దయచేసి ఆపించండి, ఆ ఫోటో ఎవరి చేతికి పోతుందో మనకు తెలియదు.

8. పాల డబ్బాల విషయం

షెల్టర్లకి దాతలు పాలపొడి డబ్బాలు తెస్తారు. మంచి నీళ్లు లేనిచోట సీసా పాలు విరేచనాలకు దగ్గరి దారి. 1992 చట్టం ప్రకారం తల్లిపాలకు బదులు వాడే డబ్బాలను తల్లులకు ఉచితంగా పంచడం మీద ఆంక్షలున్నాయి. తల్లి లేని బిడ్డకి మాత్రం డాక్టరు చూసి, గిన్నె చెంచాతో ఇప్పించాలి. షెల్టరులో ఒక మూల చీర కట్టి తల్లులకు చాటు కల్పించండి. "భయానికి పాలు ఇంకిపోయాయి" అంటారు, బిడ్డని తరచుగా పట్టిస్తే మళ్లీ వస్తాయని ఏఎన్‌ఎం పక్కన కూర్చుని చెప్పాలి.

9. పంపడానికి రెండు దారులు

2021లో పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, హైవే తెగింది. పెన్నకి ఉత్తరాన ఉన్నవాళ్లకి కనుచూపు మేరలో ఉన్న నెల్లూరు అందకుండా పోయింది. అందుకే రిఫరల్ కాగితంలో నెల్లూరు పెద్దాసుపత్రి ఒక్కటే రాస్తే కుదరదు. కావలి ఏరియా ఆసుపత్రి, అక్కడి నుంచి ఒంగోలు ప్రభుత్వ పెద్దాసుపత్రి (జీజీహెచ్), ఇలా రెండో దారి ఫోన్ నంబర్లతో సహా రాయండి. ఏ దారీ లేకపోతే రాత్రంతా మీ దగ్గరే ఉంచాల్సి వస్తుంది. దానికి సరిపడా ఆక్సిజన్, ఫ్లూయిడ్స్ ఉన్నాయో లేదో ఈరోజే లెక్కపెట్టండి.

ఫలితం ఎలా చూసుకోవాలి

చీకటి పడ్డాక మెయిన్ స్విచ్ ఆపేయండి (వ్యాక్సిన్లు ఉంచే ఫ్రిజ్, అంటే ఐఎల్‌ఆర్, దాని లైను తప్ప). టార్చిలైట్లు మాత్రమే. ముందే రాసిన చీటీలు ఒక్కొక్కరికీ ఇవ్వండి:

"మూడేళ్ల పాప, ఫిట్స్. మిడజోలం ఎన్ని ఎంఎల్?"
"5 కిలోల బిడ్డ, ఊపిరి లేదు. మాస్కు తెచ్చి ఛాతీ లేపి చూపించు."
"7 కిలోల బిడ్డకి జ్వరం. సీసా తీసుకురా."

నిమిషంలో సరైన ఎంఎల్ చెప్పాలి, సరైన సీసా చేతిలో ఉండాలి. ఎవరైనా ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తెరిచారంటే మీ పట్టికలో లోపముంది. అక్షరాలు చిన్నవా, టార్చి వెలుగు లామినేషన్ మీద మెరిసి కనబడటం లేదా, గడులు గందరగోళంగా ఉన్నాయా చూసి మార్చండి. సిస్టర్‌ని కోప్పడకండి. మేము ఒకచోట మూడుసార్లు పట్టిక మార్చి రాశాం. మూడోసారి ఎరుపు బదులు నలుపు స్కెచ్ వాడాక అందరికీ కనబడింది. ఎర్ర అక్షరాలు పసుపు టార్చి వెలుగులో సరిగా కనబడవని అప్పుడే తెలిసింది.

నలుగురిలో ఒక్కరు తప్పినా వారంలో మళ్లీ పెట్టండి. ఆ తర్వాత డిసెంబరు దాకా నెలకోసారి, అరగంట చాలు. కొత్తగా బదిలీ మీద వచ్చినవాళ్లకి చేరిన రోజే చీటీ ఇవ్వండి. మందు స్టాకులో సీసా బలం మారిన ప్రతిసారీ ఫార్మసిస్టు పట్టిక దగ్గరికి వచ్చి ఆ గడి మార్చి, పక్కన ఇంకొకరి చేత సంతకం పెట్టించాలి.